పరిశోధన పద్ధతిగా షెల్ స్క్రిప్టు: వైఫల్యాన్ని దాచని రచనకు పాటించవలసిన నియమాలు

వ్యాససంగ్రహం:

వేల ఫైళ్లలో ఉన్న పాఠాన్ని వడగట్టడానికి, లెక్కించడానికి, వర్గీకరించడానికి షెల్ స్క్రిప్టులు ఉపకరిస్తాయి. ఒక ఆదేశం విఫలమైనా తరువాతి ఆదేశానికి సాగిపోవడం, విలువ లేని వేరియబుల్‌ను ఖాళీగా స్వీకరించడం షెల్ సహజ స్వభావం. ఈ స్వభావం వల్ల స్క్రిప్టు మధ్యలో ఆగిపోవడం కంటే, ఆగకుండా తప్పు ఫలితాన్ని ఇవ్వడమే పరిశోధనకు ఎక్కువ హాని చేస్తుంది. 2015లో స్టీమ్ సాఫ్ట్‌వేర్ వల్ల, 2021లో క్యోటో విశ్వవిద్యాలయపు సూపర్ కంప్యూటర్‌లో జరిగిన నష్టాలను ఆధారంగా చేసుకొని, షెల్ స్క్రిప్టు రచనలో పాటించవలసిన నియమాలను ఈ వ్యాసం వివరిస్తుంది. తెలుగు పాఠంపై పనిచేసే స్క్రిప్టులకు అవసరమైన ప్రత్యేక జాగ్రత్తలను సోదాహరణంగా చర్చిస్తుంది.

కీలక పదాలు: షెల్ స్క్రిప్టు, బ్యాష్, ఎగ్జిట్ స్టేటస్, యూనికోడ్, తెలుగు కార్పస్, పరిశోధన పద్ధతి.

1. ఉపోద్ఘాతం:

ఒక కవి రచనల్లో ఏ పదం ఎన్నిసార్లు వచ్చిందో తెలుసుకోవడానికి పరిశోధకులు ఒకప్పుడు చీటీలు రాసుకొనేవారు. పదానికొక చీటీ, చీటీ మీద పుట సంఖ్య, పాదం సంఖ్య. ఆ చీటీలను అకారాదిగా పేర్చి లెక్క తేల్చేవారు. లెక్కలో పొరపాటు దొర్లినా చీటీల కట్ట సాక్ష్యంగా మిగిలేది. అనుమానం వచ్చినవారు కట్ట విప్పి చూసుకొనే వీలుండేది.

నేడు ఇదే పనిని ఐదారు ఆదేశాల వరుస కొద్ది క్షణాల్లో ముగిస్తుంది. కంప్యూటర్‌కు ఆదేశాలను అందజేసి, వాటి ఫలితాన్ని తిరిగి చూపే కార్యక్రమం షెల్. ఆ ఆదేశాలను వరుసగా ఒక ఫైలులో రాసి భద్రపరిస్తే అది షెల్ స్క్రిప్టు. లినక్స్‌లో, ఆపిల్ కంప్యూటర్లలో షెల్ సహజంగానే ఉంటుంది. విండోస్‌లో లినక్స్ ఉపవ్యవస్థను స్థాపించుకొని వాడుకోవచ్చు.

చీటీల కట్టకూ స్క్రిప్టుకూ ఒక ముఖ్యమైన భేదం ఉంది. చీటీలు రాసేవారు దారిలో ఎదురైన ప్రతి అవాంతరాన్నీ కళ్లారా చూస్తారు. పుట చిరిగి ఉంటే తెలుస్తుంది, అక్షరం చెదిరి ఉంటే తెలుస్తుంది. స్క్రిప్టు రాత్రంతా ఒంటరిగా నడుస్తుంది. ఏదైనా అడ్డు తగిలినప్పుడు అది ఏం చేయాలో ముందే రాసి ఉండాలి. అలా రాయకపోతే షెల్ తన అలవాటు ప్రకారం ముందుకు సాగిపోతుంది. తెల్లవారేసరికి పట్టిక సిద్ధంగా ఉంటుంది. అది సగం కార్పస్‌కు మాత్రమే చెందిన పట్టిక అని చెప్పే గుర్తు దాని మీద ఏదీ ఉండదు.

సిద్ధాంతగ్రంథంలో పద్ధతిని వివరించే అధ్యాయానికి ఎంత బాధ్యత ఉందో, ఫలితాన్ని ఉత్పత్తి చేసిన స్క్రిప్టుకూ అంతే బాధ్యత ఉంది. షెల్ స్క్రిప్టు రచనలో మంచి అలవాట్లుగా చెప్పబడేవన్నీ స్థూలంగా ఒకే లక్ష్యం చుట్టూ తిరుగుతాయి: వైఫల్యం జరిగితే అది బయటికి కనిపించాలి. ఈ వ్యాసం ఆ లక్ష్యం దృష్ట్యా నియమాలను పరిశీలిస్తుంది.

2. షెల్ స్వభావం - చారిత్రక నేపథ్యం:

యూనిక్స్ తొలి షెల్‌ను కెన్ థాంప్సన్ 1971లో రూపొందించాడు. ఒక ఆదేశం ఇచ్చే ఫలితాన్ని మరొక ఆదేశానికి నేరుగా అందించే పైప్ పద్ధతి, డగ్లస్ మెకిల్‌రాయ్ ప్రతిపాదన మీద 1973లో యూనిక్స్‌లో చేరింది. స్టీఫెన్ బోర్న్ రాసిన షెల్ 1979లో యూనిక్స్ ఏడవ సంచికతో వెలువడింది. గ్ను ప్రాజెక్టు కోసం బ్రయన్ ఫాక్స్ రాసిన బ్యాష్ 1989లో వచ్చింది. నేటి స్క్రిప్టుల్లో అత్యధికం బోర్న్ షెల్ సంప్రదాయానికి చెందినవే.

ఈ చరిత్రలో ఒక విషయం గమనించదగినది. షెల్ మొదట మనిషి ఎదురుగా కూర్చొని వాడే పరికరం. ఒక ఆదేశం విఫలమైతే తెర మీద సందేశం కనిపిస్తుంది, కూర్చున్న మనిషి సరిదిద్దుకుంటాడు. అటువంటి వాడకంలో ఒక తప్పుకే షెల్ మూతపడిపోతే పని సాగదు. అందుచేత విఫలమైన ఆదేశాన్ని వదిలి తరువాతిదానికి వెళ్లడమే సహజ ప్రవర్తన అయింది. అదే భాషలో స్క్రిప్టులు రాయడం మొదలైనప్పుడు ఎదురుగా ఉండే మనిషి లేకుండా పోయాడు, షెల్ అలవాటు మాత్రం మారలేదు.

ప్రతి ఆదేశమూ ముగిసేటప్పుడు ఎగ్జిట్ స్టేటస్ అనే ఒక సంఖ్యను వదిలివెళుతుంది. సున్న అయితే పని సవ్యంగా ముగిసిందని, మరే సంఖ్య అయినా సవ్యంగా ముగియలేదని అర్థం. షెల్ ఆ సంఖ్యను భద్రపరుస్తుంది గాని, స్క్రిప్టు రచయిత అడగనంతవరకు దానిని పట్టించుకోదు. అలాగే వేరియబుల్, అంటే ఒక విలువకు పెట్టుకున్న పేరు, ఎక్కడా నిర్వచించకపోయినా షెల్ తప్పు పట్టదు. దాని స్థానంలో ఏమీ లేని శూన్యాన్ని ఉంచి సాగిపోతుంది. ఈ రెండు అలవాట్లు ఎంతటి నష్టానికి దారితీయగలవో తెలిపే ఉదంతాలు రెండు ఉన్నాయి.

3. రెండు ఉదంతాలు:

3.1 స్టీమ్ (2015): ఆటల పంపిణీకి వాడే స్టీమ్ సాఫ్ట్‌వేర్ లినక్స్ రూపంలో, స్థాపనను మొదటి స్థితికి తెచ్చే ఒక స్క్రిప్టు ఉండేది. అది ముందుగా సాఫ్ట్‌వేర్ ఏ ఫోల్డరులో ఉందో కనుక్కోవాలి. అందుకు ఫోల్డరు మార్చే సీడీ ఆదేశాన్ని వాడి, వచ్చిన చిరునామాను ఒక వేరియబుల్‌లో ఉంచింది. తరువాత ఆ చిరునామాకు ఒక ఏటవాలు గీతను, సమస్తమూ అని సూచించే నక్షత్రపు గుర్తును చేర్చి, ఫైళ్లను తొలగించే ఆర్‌ఎమ్ ఆదేశానికి ఇచ్చింది. స్టీమ్ ఫోల్డరును స్థానం మార్చిన ఒక వినియోగదారు యంత్రంలో సీడీ విఫలమైంది, వేరియబుల్ ఖాళీ అయింది. ఏటవాలు గీత, నక్షత్రం మాత్రమే మిగిలాయి. ఆ రెండూ కలిస్తే కంప్యూటర్‌లోని సమస్త ఫైళ్లూ అని అర్థం. ఆ వినియోగదారుకు అనుమతి ఉన్న ఫైళ్లన్నీ తొలగిపోయాయి. అది ప్రమాదకరమైన వాక్యమని రచయితకు తెలుసుననడానికి, దాని పైనే భయాన్ని సూచించే ఒక వ్యాఖ్య కూడా ఉంది. హెచ్చరిక రాశారు గాని తనిఖీ రాయలేదు.

3.2 క్యోటో విశ్వవిద్యాలయం (2021): ఈ ఉదంతం నేరుగా పరిశోధనకు సంబంధించింది. 2021 డిసెంబరు 14 నుండి 16 వరకు క్యోటో విశ్వవిద్యాలయపు సూపర్ కంప్యూటర్ నిల్వలో దాదాపు 77 టెరాబైట్ల పరిమాణం గల సుమారు 3.4 కోట్ల ఫైళ్లు తొలగిపోయాయి. 14 పరిశోధక బృందాలు నష్టపోయాయి. వాటిలో నాలుగు బృందాల సమాచారాన్ని బ్యాకప్ నుండి కూడా తిరిగి తేలేకపోయారు.

కారణం ఆ బ్యాకప్ స్క్రిప్టే. పది రోజులు దాటిన లాగ్ ఫైళ్లను వెదికి తొలగించే భాగం అందులో ఉంది. యంత్రాన్ని సరఫరా చేసిన సంస్థ ఆ స్క్రిప్టును మెరుగుపరిచింది, చదవడానికి తేలికగా ఉండేలా వేరియబుల్ పేర్లను మార్చింది. ఉద్దేశం మంచిదే. అయితే పాత స్క్రిప్టు నడుస్తూ ఉండగానే దాని మీద కొత్తదాన్ని రాశారు. బ్యాష్ స్క్రిప్టును మొదటే పూర్తిగా చదివి పెట్టుకోదు. కొంత చదివి, దానిని అమలు చేసి, మళ్లీ ఫైలులో ఆగిన చోటికి వచ్చి మిగిలినది చదువుతుంది. సగం పాతది, సగం కొత్తది అమలయ్యాయి. కొత్త సగంలోని వేరియబుల్‌కు పాత సగంలో నిర్వచనం లేదు. లాగ్ ఫోల్డరు పేరు ఉండవలసిన చోట శూన్యం మిగిలి, తొలగింపు పరిశోధకుల ఫైళ్ల మీదికి మళ్లింది.

3.3 తులనాత్మక పరిశీలన: పైకి రెండూ ఖాళీ వేరియబుల్ కథలే. కాని లోపల భేదం ఉంది. క్యోటోలో వేరియబుల్ నిర్వచింపబడనే లేదు. స్టీమ్‌లో వేరియబుల్ నిర్వచింపబడింది గాని దాని విలువ శూన్యం. నిర్వచించని వేరియబుల్‌ను పట్టుకొనే ఏర్పాటు మొదటిదానిని ఆపగలదు, రెండవదానిని ఆపలేదు. రెండవదానికి సీడీ వైఫల్యాన్ని గుర్తించే ఏర్పాటో, విలువ శూన్యమా అని చూసే తనిఖీయో కావాలి. ఒక్క నియమం చాలదు. నియమాలు ఒకదానికొకటి అండగా ఉండాలి.

4. వైఫల్యాన్ని వినిపించే అమరికలు:

4.1 మూడు ప్రాథమిక అమరికలు: బ్యాష్ స్క్రిప్టు ఆరంభంలోనే సెట్ అనే ఆదేశంతో మూడు అమరికలు చేసుకోవడం బహుళ ప్రచారంలో ఉన్న మంచి అలవాటు. 'ఇ' అనే ఆప్షన్, ఏ ఆదేశమైనా విఫలమైతే స్క్రిప్టును అక్కడే ఆపుతుంది. 'యు' అనే ఆప్షన్, నిర్వచించని వేరియబుల్ ఎదురైతే ఆపుతుంది. 'పైప్‌ఫెయిల్' అనే అమరిక, పైప్‌లైన్‌లో ఏ భాగం విఫలమైనా మొత్తం పైప్‌లైన్ విఫలమైనట్లు పరిగణిస్తుంది.

మూడవది పరిశోధకులకు అన్నిటికంటె ముఖ్యం. ఒక పద పౌనఃపున్య పట్టికను ఊహించవచ్చు. పాత సంకేతపద్ధతిలో ఉన్న ఫైళ్లను ఐకాన్వ్ అనే ఆదేశం యూనికోడ్‌లోకి మారుస్తుంది, తరువాతి ఆదేశాలు పదాలను విడదీస్తాయి, సార్ట్ వరుసలో పెడుతుంది, యునీక్ లెక్కిస్తుంది. ఫైళ్ల నడుమ ఒకచోట చెడిన బైట్ ఉంటే ఐకాన్వ్ అక్కడితో ఆగిపోతుంది. అంతవరకు మార్చిన భాగం మాత్రం ముందుకు వెళ్లిపోయే ఉంటుంది. తరువాతి ఆదేశాలు అందినంత పాఠాన్ని శ్రద్ధగా లెక్కిస్తాయి. సహజ స్థితిలో పైప్‌లైన్ జయాపజయాలను చివరి ఆదేశమే నిర్ణయిస్తుంది కనుక, మొత్తం పని విజయవంతమైనట్లే నమోదవుతుంది. పైప్‌ఫెయిల్ ఉన్నప్పుడు మాత్రమే ఐకాన్వ్ వైఫల్యం చివరివరకు చేరుతుంది. బ్యాష్‌లో చాలాకాలంగా ఉన్న ఈ అమరికను 2024 నాటి పోసిక్స్ ప్రమాణం కూడా స్వీకరించింది.

4.2 వాటి పరిమితులు: ఈ మూడింటిని రక్షరేకులా భావించి నిశ్చింతగా ఉండరాదు. 'ఇ' ఆప్షన్ షరతు వాక్యంలో పరీక్షింపబడే ఆదేశానికి వర్తించదు. ఒక ఆదేశపు ఫలితాన్ని ఫంక్షన్ లోపలి వేరియబుల్‌లో ఉంచేటప్పుడు, లోకల్ అనే ప్రకటననూ విలువ ఇవ్వడాన్నీ ఒకే వాక్యంలో రాస్తే, ఆదేశం విఫలమైనా లోకల్ ప్రకటన విజయమే పైకి కనిపిస్తుంది. ఆ రెండింటినీ వేరువేరు పంక్తుల్లో రాయాలి.

సున్న కాని ప్రతి స్టేటస్‌నూ వైఫల్యంగా చూడడం కూడా పొరపాటే. వెదుకులాటకు వాడే గ్రెప్, పదం దొరికితే సున్నను, దొరకకపోతే 1ని, ఫైలు తెరవలేకపోవడం వంటి దోషం ఎదురైతే 2ను ఇస్తుంది. పరిశోధనలో ఈ భేదం కీలకమైంది. ఒక కావ్యంలో ఒక పదం లేదు అనడం ఒక ఫలితం. ఆ కావ్యపు ఫైలు తెరుచుకోలేదు అనడం ఫలితం కాదు. రెండింటినీ ఒకటే సున్నగా పట్టికలో చేర్చిన స్క్రిప్టు లేని సాక్ష్యాన్ని సృష్టిస్తుంది. గ్రెప్ వాడిన చోట 1 వస్తే ఏం చేయాలో, 2 వస్తే ఏం చేయాలో స్పష్టంగా రాసి తీరాలి.

4.3 తొలగింపులకు ప్రత్యేక నియమం: తొలగించే ఆదేశానికి అందే వేరియబుల్ శూన్యమైతే వెంటనే ఆగిపోవాలని చెప్పే ఏర్పాటు షెల్‌లోనే ఉంది. వేరియబుల్ పేరు పక్కన పుష్పకుండలీకరణంలో రెండు చుక్కలు, ప్రశ్నార్థకం చేర్చితే చాలు. నిర్వచించకపోయినా, నిర్వచించి ఖాళీగా ఉన్నా స్క్రిప్టు ఆగుతుంది. అదీకాక తొలగింపు స్క్రిప్టును మొదటిసారి నడిపేటప్పుడు తొలగించే ఆదేశానికి బదులు పేర్లను అచ్చువేసే ఎకో ఆదేశాన్ని ఉంచి, ఏయే ఫైళ్లు పోనున్నాయో చూసుకోవడం మంచిది.

4.4 నడుస్తున్న స్క్రిప్టును మార్చకపోవడం: క్యోటో ఉదంతం నేర్పే పాఠం ఇది. కొత్త రూపాన్ని వేరే పేరుతో రాసి, పూర్తయిన తరువాత ఎమ్‌వీ ఆదేశంతో పాత పేరుకు మార్చాలి. అలా చేసినప్పుడు నడుస్తున్న బ్యాష్ పాత ఫైలునే చివరివరకు చదువుతుంది. స్క్రిప్టు మొత్తాన్ని ఒక ఫంక్షన్‌లో ఇమిడ్చి, చివరి పంక్తిలో ఆ ఫంక్షన్‌ను పిలిచి వెంటనే ముగించడం రెండవ రక్షణ. అప్పుడు బ్యాష్ ఫంక్షన్‌ను పూర్తిగా చదివిన తరువాతే పని మొదలుపెడుతుంది.

5. ఫైళ్ల పేర్లు - ఖాళీలు:

షెల్ దృష్టిలో ఖాళీ అంటే రెండు పదాల మధ్య సరిహద్దు. ఒక ఫైలు పేరు 'మొదటి అధ్యాయం' అయితే, ఆ పేరున్న వేరియబుల్‌ను ఉద్ధరణ చిహ్నాలు లేకుండా వాడినప్పుడు షెల్‌కు 'మొదటి' అనే ఒక ఫైలు, 'అధ్యాయం' అనే మరొక ఫైలు కనిపిస్తాయి. వ్యాసాలకు, కథలకు పూర్తి శీర్షికలనే ఫైలు పేర్లుగా పెట్టే సాహిత్య పరిశోధకులకు ఈ ఇబ్బంది తరచుగా ఎదురవుతుంది. వేరియబుల్‌ను వాడే ప్రతిచోటా జంట ఉద్ధరణ చిహ్నాల్లో ఉంచడం దీనికి పరిష్కారం. అవసరమున్నచోట ఉంచి, లేనిచోట మానేయాలనుకోవడం కంటె, మినహాయింపుకు కారణం ఉన్నచోట తప్ప అంతటా ఉంచడమే క్షేమం.

ఫైళ్ల జాబితాను చూపే ఎల్‌ఎస్ ఆదేశపు ఫలితాన్ని పంక్తులుగా చీల్చి వాడడం కూడా ఇటువంటి చిక్కులే తెస్తుంది. ఫైలు పేరులో కొత్త పంక్తి గుర్తు సైతం ఉండవచ్చు. ఫైండ్ ఆదేశం పేర్ల మధ్య శూన్య బైట్‌ను ఉంచి అందించగలదు, ఎక్స్‌ఆర్గ్స్ దానిని అలాగే స్వీకరించగలదు. ఫైలు పేరులో రాకూడని బైట్‌లు ఏటవాలు గీత, శూన్య బైట్ మాత్రమే కనుక ఈ పద్ధతిలో సందిగ్ధతకు చోటు లేదు.

6. తెలుగు పాఠం విషయంలో ప్రత్యేక జాగ్రత్తలు:

6.1 అక్షరం, కోడ్ పాయింట్, బైట్: 'తెలుగు' అనే పదంలో అక్షరాలు మూడు. యూనికోడ్‌లో హల్లుకు ఒకటి, గుణింతపు గుర్తుకు ఒకటి చొప్పున కోడ్ పాయింట్లు ఆరు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు కోడ్ పాయింటుకు మూడు బైట్‌లు కనుక మొత్తం బైట్‌లు పద్దెనిమిది. లెక్కింపుకు వాడే డబ్ల్యూసీ ఆదేశం 'సీ' ఆప్షన్‌తో 18 అని, 'ఎమ్' ఆప్షన్‌తో 6 అని చెబుతుంది. 3 అని ఏ ఆప్షన్‌తోనూ చెప్పదు.

ఇంతకంటె సూక్ష్మమైన చిక్కు లొకేల్‌తో వస్తుంది. ఏ భాషా సంప్రదాయం ప్రకారం పాఠాన్ని అర్థం చేసుకోవాలో ఆదేశాలకు తెలిపే అమరిక లొకేల్. అది యూటీఎఫ్-8గా ఉంటేనే 'ఎమ్' ఆప్షన్ 6 అంటుంది. 'సి' అనే ప్రాథమిక లొకేల్‌లో అదే ఆప్షన్ 18 అంటుంది. పగలు టెర్మినల్‌లో నడిపినప్పుడు ఒక లొకేల్, రాత్రి నిర్ణీత వేళకు యంత్రమే నడిపినప్పుడు మరొక లొకేల్ ఉండడం సాధారణం. ఒకే స్క్రిప్టు, ఒకే పాఠం, రెండు సమాధానాలు. అందుచేత స్క్రిప్టు మొదట్లోనే లొకేల్‌ను స్పష్టంగా నిర్దేశించాలి.

6.2 టీఆర్ ఆదేశం: ఒక అక్షరానికి బదులు మరొకటి పెట్టే టీఆర్, గ్ను రూపంలో ఒక బైట్ అక్షరాలకు మాత్రమే పూర్తిగా పనికివస్తుంది. ర అనే అక్షరాన్ని ల అనే అక్షరంగా మార్చమని దానిని కోరితే ఏమవుతుందో చూడవచ్చు. దశాంశ సంఖ్యల్లో ర బైట్‌లు 224, 176, 176. ల బైట్‌లు 224, 176, 178. టీఆర్ దృష్టిలో ఇది అక్షరం మార్పు కాదు, బైట్‌ల మార్పు. 176కు మొదట 176, తరువాత 178 జతపడ్డాయి. అటువంటప్పుడు చివరిదే చెల్లుతుంది. కనుక పాఠంలో ఉన్న ప్రతి 176 బైటూ 178 అవుతుంది.

సాధారణంగా వాడే తెలుగు హల్లులన్నిటికీ రెండవ బైట్ 176. రెండవ బైట్ 178 అయితే అది కన్నడ అక్షరం. అంటే ర ఉన్నా లేకపోయినా పాఠంలోని హల్లులన్నీ కన్నడ హల్లులవుతాయి. 'రాత' అనే పదం పూర్తిగా కన్నడ లిపిలో 'లాత' అవుతుంది. 'తెలుగు' అనే పదంలో హల్లులు కన్నడకు మారి, ఎత్వ ఉత్వాలు మాత్రం రెండవ బైట్ 177 కావడంతో తెలుగులోనే ఉండిపోతాయి. దోష సందేశం ఏదీ రాదు, స్టేటస్ సున్నయే. రెండు లిపులూ దగ్గరి పోలిక గలవి కనుక కంటికి వెంటనే దొరకకపోయే ప్రమాదమూ ఉంది. తెలుగు అక్షరాల మార్పిడికి యూటీఎఫ్-8 లొకేల్‌లో సెడ్ ఆదేశాన్ని వాడడం సురక్షితం.

6.3 ఒకే రూపం, వేరు సంకేతాలు: ఐత్వపు గుర్తును యూనికోడ్‌లో ఒకే కోడ్ పాయింటుగా రాయవచ్చు, ఎత్వమూ దాని కిందికి చేరే గుర్తూ అనే రెండు కోడ్ పాయింట్లుగానూ రాయవచ్చు. రెండూ సమానమని యూనికోడ్ ప్రమాణం చెబుతుంది, తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. గ్రెప్ మాత్రం బైట్‌లను పోల్చుకొని రెండింటినీ వేరుగా చూస్తుంది. ఒక రూపంలో ఉన్న 'వైద్యం' కోసం వెదికితే రెండవ రూపంలో ఉన్నవి దొరకవు. పొల్లు తరువాత పదాంతంలో చేరే కంటికి కనిపించని విభాజకం, విండోస్‌లో తయారైన ఫైళ్లలో ప్రతి పంక్తి చివర ఉండే అదనపు గుర్తు కూడా ఇటువంటివే. ఇవన్నీ ఒకే పదాన్ని పౌనఃపున్య పట్టికలో రెండు మూడు ఆరోపాలుగా చీలుస్తాయి. లెక్కింపుకు ముందే పాఠాన్ని యూకాన్వ్ వంటి ఉపకరణంతో ఒకే యూనికోడ్ రూపానికి తెచ్చి, విభాజకాల విషయంలో ఏ నిర్ణయం తీసుకున్నదీ స్క్రిప్టులోను, సిద్ధాంతగ్రంథంలోను నమోదు చేయాలి.

6.4 వరుసక్రమం: సార్ట్ ఆదేశం 'సి' లొకేల్‌లో బైట్‌ల క్రమాన్ని అనుసరిస్తుంది. వర్ణమాలలో హ తరువాత చదివే ళ, యూనికోడ్‌లో ల, వ అక్షరాల నడుమ ఉంది. అందుచేత ఆ క్రమాన్ని యథాతథంగా పదసూచికకు వాడరాదు. కాని రెండు జాబితాలను పోల్చే కామ్, జాయిన్ ఆదేశాలకు రెండు జాబితాలూ ఒకే క్రమంలో ఉండడమే ప్రధానం. అంతర్గత పోలికలకు 'సి' లొకేల్‌ను స్థిరంగా వాడి, పాఠకులకు చూపే సూచికను చివరగా వేరే పద్ధతిలో పేర్చడం యుక్తం.

7. మూలపాఠ రక్షణ - పునరావృత్తి:

తాళపత్రాన్ని పరిష్కరించేవారు మూలప్రతి మీద దిద్దుబాట్లు చేయరు. అదే మర్యాద డిజిటల్ మూలానికీ వర్తిస్తుంది. సేకరించిన ఫైళ్లను ఒక ఫోల్డరులో ఉంచి, రాసే అనుమతిని తొలగించి, స్క్రిప్టు ఫలితాలన్నీ వేరొక ఫోల్డరులో చేరేలా చూడాలి. మూలఫైళ్ల షా-256 సంకేతాలను నమోదు చేసుకుంటే, ఏ ఒక్క బైట్ మారినా తరువాత తెలుసుకోవచ్చు.

ఫలితాన్ని నేరుగా తుది పేరుతో రాయడం మంచిది కాదు. మధ్యలో ఆగిన స్క్రిప్టు వదిలిన అసంపూర్ణ ఫైలు పూర్తి ఫైలులాగే కనిపిస్తుంది. ఎమ్‌కేటెంప్ ఆదేశంతో తాత్కాలిక ఫైలును సృష్టించి, అన్నీ సవ్యంగా ముగిసిన తరువాతే తుది పేరుకు మార్చాలి. మధ్యలో ఆగినా తాత్కాలిక ఫైళ్లు తొలగిపోయేలా ట్రాప్ అనే ఏర్పాటు చేసుకోవచ్చు. అప్పుడు తుది పేరుతో ఫైలు ఉందంటే అది పూర్తి అయినదే అని నమ్మవచ్చు.

మరొకరి యంత్రంలో కూడా స్క్రిప్టు నడవాలంటే, ఏ షెల్ కోసం రాశారో మొదటి పంక్తిలో తెలపాలి. ఉబుంటులో 2006 నుండి 'ఎస్‌హెచ్' అనే పేరుకు బదులు పలికేది డాష్, బ్యాష్ కాదు. ఆపిల్ కంప్యూటర్లలో వచ్చే బ్యాష్ 3.2 సంచిక, 2019 నుండి అక్కడ ప్రధాన షెల్ జెడ్‌షెల్. సెడ్ ఆదేశం ఫైలులోనే మార్పు చేసే ఆప్షన్ కూడా లినక్స్‌లో ఒక తీరుగా, ఆపిల్‌లో మరొక తీరుగా ఉంటుంది. వాడిన ఉపకరణాల సంచిక సంఖ్యలను స్క్రిప్టే ఒక లాగ్ ఫైలులో రాసుకోవడం ఉత్తమం.

8. సమీక్ష, పఠనీయత, షెల్ హద్దు:

షెల్‌చెక్ అనే స్వేచ్ఛా ఉపకరణం స్క్రిప్టును నడపకుండానే చదివి, ఉద్ధరణ చిహ్నాలు మరచిన చోట్లను, సీడీ వైఫల్యాన్ని పరీక్షించని చోట్లను, లోకల్ ప్రకటనలోని దోషాలను పంక్తి సంఖ్యతో సహా చూపుతుంది. దాని ప్రతి హెచ్చరికకూ దిద్దుబాటైనా ఉండాలి, దిద్దకపోవడానికి స్క్రిప్టులో రాసిన కారణమైనా ఉండాలి. ఉపకరణం వ్యాకరణాన్ని చూస్తుంది గాని పరిశోధకుని ఉద్దేశాన్ని చూడదు. అందుకు చేతితో లెక్కించగల చిన్న పాఠం కావాలి. ఇరవై పంక్తుల పాఠంలో ఫలితాన్ని ముందే చేతితో లెక్కించి, స్క్రిప్టు ఫలితంతో సరిపోల్చాలి. ఆ పాఠంలో ఐత్వం రెండు రూపాలూ, ఖాళీ ఫైలూ, చెడిన బైట్ ఉన్న ఫైలూ ఉద్దేశపూర్వకంగా చేర్చాలి.

వ్యాఖ్యలు ఆదేశం ఏం చేస్తుందో తిరిగి చెప్పనక్కరలేదు. ఎందుకు చేస్తున్నదో చెప్పాలి. విభాజకాన్ని ఎందుకు తొలగించారు, ఫలానా ఫైలును ఎందుకు వదిలివేశారు అన్నవి ఆరు నెలల తరువాత రచయితకే గుర్తుండవు.

షెల్‌ను ఎక్కడ విడిచిపెట్టాలో తెలుసుకోవడం కూడా మంచి రచనలో భాగమే. స్క్రిప్టు వంద పంక్తులు దాటితే మరింత నిర్మాణం గల భాషలో తిరిగి రాయమని గూగుల్ సంస్థ తన షెల్ శైలీ నియమావళిలో సూచించింది. తెలుగు పాఠం విషయంలో హద్దు ఇంకా ముందే రావచ్చు. అక్షరాలను లెక్కించడం, సంధిని విడదీయడం, ఛందస్సును గుర్తించడం వంటివి పైథాన్ వంటి భాషలకు అప్పగించి, ఫైళ్లను అందించడం, ఫలితాలను చేర్చడం వరకు షెల్‌ను వాడడం సముచితం.

9. ముగింపు:

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. వైఫల్యం తరువాత కూడా సాగిపోవడం షెల్ సహజ స్వభావం. దానిని మార్చే అమరికలు స్క్రిప్టు మొదటి పంక్తుల్లోనే ఉండాలి.

2. క్యోటో, స్టీమ్ ఉదంతాల్లో మూలకారణం శూన్య వేరియబుల్ అయినా, నిర్వచింపబడకపోవడం వేరు, ఖాళీగా ఉండడం వేరు. రెండింటికీ వేరువేరు రక్షణలు అవసరం.

3. దొరకలేదు అనే ఫలితాన్నీ, వెదకలేకపోయింది అనే వైఫల్యాన్నీ స్క్రిప్టు వేరుగా నమోదు చేయాలి.

4. తెలుగు పాఠంపై పనిచేసేటప్పుడు లొకేల్‌ను నిర్దేశించడం, యూనికోడ్ రూపాన్ని ఏకరీతిగా చేయడం లెక్కింపుకు ముందే జరగాలి. బైట్‌లపై పనిచేసే టీఆర్ వంటి ఆదేశాలను తెలుగు అక్షరాలకు వాడరాదు.

5. మూలపాఠం మారకుండా ఉండి, ఫలితం పూర్తయిన తరువాతే తుది పేరు పొందినప్పుడు స్క్రిప్టును ఎవరైనా తిరిగి నడిపి సరిచూడవచ్చు.

చీటీల కట్టను విప్పి చూసే అవకాశం పాత పద్ధతికి ఇచ్చిన విశ్వసనీయతను, స్క్రిప్టు తన దోషాలను దాచకుండా చెప్పగలిగినప్పుడే కొత్త పద్ధతి పొందుతుంది. అందుచేత పట్టికలతో పాటు వాటిని తయారుచేసిన స్క్రిప్టును, దాని లాగ్‌ను సిద్ధాంతగ్రంథానికి అనుబంధంగా చేర్చడం, పరీక్షకులు వాటిని కూడా పరిశీలించడం అవసరం.